మూడు వేల దగ్గర కోయమంటే రెండు వేల రెండొందల దగ్గరే కోసింది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: అనలాగ్ ఫిల్టర్‌ని డిజిటల్‌గా మార్చడం. సిగ్నల్‌లో కొన్ని ఫ్రీక్వెన్సీలని పంపి మిగతావాటిని ఆపేదే ఫిల్టర్. తక్కువ ఫ్రీక్వెన్సీలని పంపేది లోపాస్, ఎక్కువవాటిని పంపేది హైపాస్, కోత మొదలయ్యే చోటు కటాఫ్. సర్క్యూట్‌తో చేస్తే అనలాగ్. సిగ్నల్‌ని సెకనుకి ఇన్నిసార్లని కొలిచి (అదే శాంప్లింగ్) ఆ అంకెల మీద లెక్క చేస్తే డిజిటల్. గుంటూరు, బెజవాడ కాలేజీల్లో సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయని ఉత్తరాలు చూస్తేనే తెలిసిపోతోంది. గవర్నర్‌పేటలో ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ మొదలై చివరికి కాలేజీ ల్యాబులో తేలినవాణ్ణి కనుక, రెండు వైపుల వాళ్ళకీ నా దగ్గర కొంత సమాధానం ఉంది. పేర్లు వేయవద్దని చాలామంది కోరారు. ఎవరివీ వేయడం లేదు.

సార్, నేను ఇసిఇ మూడో సంవత్సరం. ల్యాబ్‌లో 8000 హెర్ట్జ్ శాంప్లింగ్‌తో, 3000 హెర్ట్జ్ కటాఫ్‌తో బటర్‌వర్త్ లోపాస్ ఫిల్టర్ చేయమన్నారు. ముందు అనలాగ్ ఫిల్టర్ డిజైన్ చేసి, మ్యాట్‌ల్యాబ్‌లో బైలీనియర్ కమాండ్ ఇచ్చాను. గ్రాఫ్‌లో కటాఫ్ 2200 దగ్గర వస్తోంది. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. వచ్చే వారం వైవా. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, లక్ష్మీపురం, గుంటూరు

ప్రోగ్రామ్‌ని ఇక వెతక్కమ్మా, అందులో తప్పేమీ లేదు. గ్రాఫ్‌ని ఇంకొంచెం పెద్దది చేసి చూడు, కటాఫ్ 2208 దగ్గర కనిపిస్తుంది. నువ్వు అడిగినదానికి కచ్చితంగా అదే జవాబు. తేడా అంతా అడగడంలో ఉంది.

అనలాగ్ ఫిల్టర్‌కి ఫ్రీక్వెన్సీ సున్నా నుంచి అనంతం దాకా ఉంటుంది. 8000 హెర్ట్జ్‌తో శాంపిల్ చేసినప్పుడు డిజిటల్ ఫిల్టర్‌కి ఉన్నది సున్నా నుంచి 4000 దాకానే. అంతులేని గీతని 4000లో పట్టించాలి. పెళ్ళిలో గ్రూప్ ఫొటో తీసేటప్పుడు చూడు, ఫ్రేములో అందరూ పట్టాలని ఫొటోగ్రాఫర్ కేకలు వేస్తుంటాడు. నడుమ పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ దర్జాగా నిలబడతారు. అంచులకి పోయేకొద్దీ బాబాయిలూ పిన్నులూ భుజాలు ఇరికించుకుని, ఒంటికాలి మీద నిలబడి ఉంటారు. అనలాగ్ ఫిల్టర్‌ని డిజిటల్‌గా మార్చే బైలీనియర్ పద్ధతి చేసేది ఇదే. ఎవర్నీ బయటికి పంపదు, ఒకరి మొహం మీద ఇంకొకరి మొహం పడనివ్వదు. కానీ అంచుల్లో అందర్నీ ఇరికిస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలు దాదాపు ఉన్నచోటే ఉంటాయి, 4000కి దగ్గరవుతున్నకొద్దీ లోపలికి జరిగిపోతాయి.

ఎంత జరుగుతాయో నీ 8000 శాంప్లింగ్‌కే లెక్క చూడు. అనలాగ్‌లో 100 హెర్ట్జ్ డిజిటల్‌లో 99.95 అవుతుంది, ఎవరికీ తెలియదు. 1000 హెర్ట్జ్ 953 అవుతుంది. 3000 మాత్రం 2208కి పడిపోతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ లెక్కలు మాత్రమే చేసినవాళ్ళకి ఈ గొడవ ఉందనే తెలియదు. మీ ల్యాబ్ మాన్యువల్ రాసినవారు 3000 ఇచ్చారంటే కావాలనే ఇచ్చి ఉంటారు, వారికి నా దండం.

విరుగుడు ప్రీవార్పింగ్. లోపలికి ఎంత జరుగుతుందో ముందే తెలుసు కనుక, అనలాగ్ ఫిల్టర్‌ని అంత బయట డిజైన్ చేస్తాం. ఇలా చెయ్యి: 180ని కావలసిన కటాఫ్‌తో గుణించి శాంప్లింగ్ రేటుతో భాగించు. నీకు 67.5 డిగ్రీలు వస్తుంది. దాని ట్యాన్ 2.4142. దాన్ని 8000తో గుణించి 3.1416తో భాగిస్తే సుమారు 6148 హెర్ట్జ్. అనలాగ్ బటర్‌వర్త్‌ని 6148 దగ్గర డిజైన్ చేసి బైలీనియర్ చేస్తే డిజిటల్‌లో సరిగ్గా 3000 దగ్గర కోస్తుంది. 8000 శాంప్లింగ్ ఉన్నచోట 6148 ఎక్కడిదని కంగారు పడకు. అది కాగితం మీది అనలాగ్ ఫిల్టర్, దానికి శాంప్లింగ్‌తో పని లేదు.

వైవాలో ‘ట్యాన్ ఎక్కడినుంచి వచ్చింది?’ అని తప్పకుండా అడుగుతారు. నువ్వు మ్యాథ్స్‌లో చదివిన ట్రెపిజాయిడల్ రూల్ నుంచి. అనలాగ్ ఫిల్టర్ అంటే ఇంటిగ్రేటర్ల కూర్పు. ఆ ఇంటిగ్రేషన్‌ని పక్కపక్క శాంపిళ్ళ మధ్య ట్రెపీజియంలుగా లెక్కగడితే వచ్చే సూత్రమే బైలీనియర్. అందులో సైన్ తరంగాన్ని పెట్టి చూస్తే ట్యాన్ దానంతటదే బయటపడుతుంది. దీన్ని టస్టిన్ పద్ధతి అని కూడా అంటారు. బ్రిటిష్ కంట్రోల్ ఇంజినీర్ ఆర్నాల్డ్ టస్టిన్ 1947లో ప్రచురించిన పని అది. ఈ ముక్క చెబితే ఎగ్జామినర్ మొహం వెలుగుతుంది.

ఒక్కటి మరిచిపోకు. ప్రీవార్పింగ్ సరిచేసేది నువ్వు ఎంచుకున్న ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే. నడిమి ఫ్రీక్వెన్సీలనే పంపే బ్యాండ్‌పాస్ అయితే రెండు అంచులనీ విడివిడిగా సరిచేసుకోవాలి. మధ్యలో ఉన్నవన్నీ వంకరగానే ఉంటాయి. బటర్‌వర్త్‌కీ చెబిషెవ్‌కీ దానివల్ల పెద్ద నష్టం లేదు, ఎందుకంటే అవి పాస్ చేసే చోట చదునుగానో, ఒకే ఎత్తు అలలతోనో ఉంటాయి. ఆ ఎత్తు మారదు, అడ్డంగా జరుగుతుందంతే. బెస్సెల్ ఫిల్టర్‌ని మాత్రం ఇలా మార్చవద్దు. దానికి ఉన్న ఒక్క మంచి గుణం అన్ని ఫ్రీక్వెన్సీలనీ దాదాపు ఒకే ఆలస్యంతో పంపడం. బైలీనియర్ దాన్నే పాడు చేస్తుంది.

ఇంపల్స్ ఇన్వేరియన్స్ పద్ధతిలో ఈ వంకర ఉండదు కదా. మరి పిల్లలకి దాన్నే ముందు నేర్పితే సరిపోదా? హైపాస్‌కి అది పనికిరాదని పుస్తకాల్లో ఒక వాక్యం రాసి వదిలేస్తారు. క్లాసులో కారణం అడిగితే ఏ లెక్క చూపించాలి?
— ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, విజయవాడ

వంకర ఉండదు, నిజమే మేడమ్. మొహాల మీద మొహాలు పడతాయి. అనలాగ్ ఫిల్టర్ ఇంపల్స్ రెస్పాన్స్‌ని (ఒక్క తాకిడికి అది ఇచ్చే జవాబుని) తీసుకుని శాంపిల్ చేయడమే ఈ పద్ధతి. శాంపిల్ చేశామంటే ఏలియాసింగ్, అంటే పై ఫ్రీక్వెన్సీలు మడతపడి కిందివాటి మీద పడటం, వెంట వస్తుంది. సిగ్నల్‌కి వర్తించే నియమం ఫిల్టర్‌కి వర్తించకుండా పోదు.

క్లాసులో బోర్డు మీద అన్నిటికన్నా చిన్న ఫిల్టర్ వేయండి: ఫస్ట్ ఆర్డర్ లోపాస్, కటాఫ్ 1000, శాంప్లింగ్ 8000. అనలాగ్‌లో 4000 దగ్గర మిగిలేది 24 శాతం. ఇంపల్స్ ఇన్వేరియన్స్‌తో మారిస్తే పోల్ (ముందు జవాబుని ఎన్ని రెట్లు తీసుకోవాలో చెప్పే అంకె) 0.4559 దగ్గర వస్తుంది. సున్నా ఫ్రీక్వెన్సీతో పోల్చి చూస్తే 4000 దగ్గర మిగిలేది 37 శాతం. పైనుంచి మడతపడి వచ్చినదే ఆ అదనం. బైలీనియర్‌తో అయితే అక్కడ పూర్తిగా సున్నా. ఇంకో తమాషా కూడా చూపించండి. అనలాగ్ ఫిల్టర్ గెయిన్ (లోపలికి పంపినదాన్ని ఎన్ని రెట్లు చేస్తుందో) సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర 1, మార్చిన తర్వాత అది 1.44! మొదటి శాంపిల్‌ని సగం చేస్తే 1.05కి దిగుతుంది. ఫస్ట్ ఆర్డర్ రెస్పాన్స్ సున్నా సమయం దగ్గర ఒక్కసారిగా ఎగురుతుంది కనుక అక్కడ సగటు తీసుకోవాలి. చాలా క్లాసుల్లో ఈ సగం సంగతి ఎత్తరు, పిల్లలు గెయిన్ కుదరక జుట్టు పీక్కుంటారు.

ఇక హైపాస్‌కి పైకి పోయేకొద్దీ తగ్గడం అనేదే లేదు. అనంతం దాకా ఉన్నదంతా వచ్చి 4000 లోపల మడతపడితే మిగిలేదాన్ని ఫిల్టర్ అనలేం.

అయినా ఆ పద్ధతిని తీసిపారేయకండి. గుడిగంట మోగి మెల్లగా తగ్గిపోయే శబ్దాన్ని కంప్యూటర్‌లో పుట్టించాలంటే అదే సరైన దారి. అక్కడ మనకి కావలసింది కాలంలో ఆకారం. గంటలోని ఒక్కో స్వరం ఇరుకైన బ్యాండ్, మడత బాధ తక్కువ. నన్నడిగితే బైలీనియర్ ముందు చెప్పి, దీన్ని రెండో పీరియడ్‌లో చెప్పండి. సిలబస్ వరుస తిరగేసినందుకు ఎవరూ ఏమీ అనరు.

దసరాకీ పెళ్ళిళ్ళకీ సౌండ్ సిస్టమ్ పెడతాం. మా పాత అనలాగ్ ఈక్వలైజర్‌లో 16 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ఆక్టేవ్ వెడల్పుతో కొంచెం లేపితే తాళాలకీ వీణకీ మంచి మెరుపు వచ్చేది. కొత్త డిజిటల్ మిక్సర్‌లో అవే అంకెలు పెట్టినా ఆ మెరుపు రావడం లేదు. మా కుర్రాళ్ళు నా చెవులు ముసలివైపోయాయంటున్నారు.
— సౌండ్ సిస్టమ్ యజమాని, పటమట, విజయవాడ

మీ చెవులకి నా ఓటు. చదువుకున్నవాళ్ళు గ్రాఫ్‌లో చూసే వంకరని మీరు చెవితో పట్టారు.

డిజిటల్ మిక్సర్లలో ఈక్వలైజర్ చాలావరకు పాత అనలాగ్ సర్క్యూట్ సూత్రాన్ని బైలీనియర్‌తో మార్చినదే. మీ మిక్సర్ 48 కిలోహెర్ట్జ్‌తో నడుస్తుంటే దాని ఫ్రేము 24 కిలోహెర్ట్జ్‌తో అయిపోతుంది. 16 అంటే అంచుకి దగ్గర. ఆక్టేవ్ అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యేంత వెడల్పు కనుక, పాత పెట్టెలో 11,300 నుంచి 22,600 దాకా లేచేది. సరిదిద్దకుండా మార్చిన డిజిటల్ ఈక్వలైజర్‌లో మధ్య బిందువు 16,000 దగ్గరే ఉంటుంది, వెడల్పు మాత్రం 13,500 నుంచి 18,100కి కుంచించుకుపోతుంది. 18,000 పైన పోయినదానికి మీరూ నేనూ బాధపడనక్కర్లేదు, మన వయసులో అది వినబడదు. పోయిన మెరుపంతా కింది వైపు, 11,300కీ 13,500కీ మధ్యన ఉంది.

ఏం చేయాలంటే, వెడల్పుని రెండు ఆక్టేవ్‌లకి పెంచండి. అప్పుడు 10,900 నుంచి 19,700 దాకా లేస్తుంది, మీ పాత పెట్టెకి బాగా దగ్గర. మిక్సర్‌లో వెడల్పు బదులు క్యూ అని ఉంటే క్యూ తగ్గించాలి. 96 కిలోహెర్ట్జ్ సెట్టింగ్ ఉంటే అది పెట్టి చూడండి, ఒక ఆక్టేవే 11,800 నుంచి 20,900 దాకా వస్తుంది. కొన్ని కంపెనీలు ఈ ఇరుకుని లోపలే సరిచేసి ఇస్తాయి. అలాంటి మిక్సర్‌లో అయితే పాత అంకెలే పనిచేస్తాయి. కొనేముందు షాపులో 16 కిలోహెర్ట్జ్ దగ్గర బెల్‌ని (గంట ఆకారపు గీతని) లేపి, స్క్రీన్ మీద కొండ రెండు వైపులా సమానంగా ఉందా, కుడివైపు నిట్టనిలువుగా దిగిపోతోందా చూడండి. కొన్ని మిక్సర్లు స్క్రీన్ మీద అనలాగ్ బొమ్మ చూపించి లోపల వేరేది చేస్తాయి కనుక వినడం మానొద్దు. కుర్రాళ్ళని 16,000 టోన్ ఒకటి పెట్టుకుని వాళ్ళ చెవులు కూడా పరీక్షించుకోమనండి.

మా అబ్బాయికి డిఎస్‌పి (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) సబ్జెక్టు పోయింది. ఎప్పుడు అడిగినా ‘అది నీకర్థం కాదులేమ్మా’ అంటాడు. నేను డిగ్రీలో కామర్స్ చదివాను. ట్యూషన్ పెట్టించమంటారా?
— ఒక తల్లి, కృష్ణలంక, విజయవాడ

ట్యూషన్ తర్వాత చూద్దాం. ముందు మీరే కాలిక్యులేటర్ పట్టుకుని వాడి పక్కన కూర్చోండమ్మా. కామర్స్ చదివిన చేతికి ఇది కష్టమేమీ కాదు.

ఈ నియమం కాగితం మీద రాసుకోండి: కొత్త జవాబు అంటే ఇప్పటి అంకెకి 0.2929 రెట్లు, దానికి ముందు అంకెకి 0.2929 రెట్లు, ముందు వచ్చిన జవాబుకి 0.4142 రెట్లు, మూడూ కలపాలి. మొదట్లో ‘ముందు’వన్నీ సున్నా. ఇప్పుడు లోపలికి 1, 1, 1, 1 అని పంపండి. జవాబులు 0.2929, 0.7071, 0.8787, 0.9498... అలా 1కి చేరతాయి. తర్వాత మళ్ళీ మొదటినుంచి 1, -1, 1, -1 అని పంపండి. 0.2929, 0.1213, 0.0503... కరిగిపోతాయి. నిలకడగా ఉన్నదాన్ని ఉంచింది, గబగబా ఊగేదాన్ని చంపింది. లోపాస్ ఫిల్టర్ అంటే అంతే. పైన మేడమ్‌కి చెప్పిన 1000 హెర్ట్జ్ ఫిల్టరే ఇది, బైలీనియర్ చేసినది.

ఇక ఆ 0.2929, 0.4142 ఎక్కడినుంచి వచ్చాయో మీ అబ్బాయిని చెప్పమనండి. 22.5 డిగ్రీల ట్యాన్ 0.4142 అని వాడి నోటితో వస్తే సగం సబ్జెక్టు వచ్చినట్టే. రాకపోతే అప్పుడు ట్యూషన్.

మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఇసిజి. కరెంటు హమ్ తీసేయడానికి 500 హెర్ట్జ్ శాంప్లింగ్‌తో 50 హెర్ట్జ్ నాచ్ ఫిల్టర్ పెట్టాం. పోల్ వ్యాసార్థం 0.995. హమ్ పోయింది, కానీ ప్రతి క్యూఆర్ఎస్ (గుండె కొట్టినప్పుడు గ్రాఫ్‌లో లేచే పెద్ద ముల్లు) తర్వాత చిన్న అలలు వస్తున్నాయి. దీనికి కూడా అనలాగ్ నుంచి మార్చిన ఫిల్టర్ వాడాలా?
— నలుగురు విద్యార్థులు, బ్రాడీపేట, గుంటూరు

ఫిల్టర్ సంగతికి ముందు ఒక మాట, గట్టిగానే చెబుతున్నాను. మనిషి ఒంటికి తీగలు తగిలించినప్పుడు సర్క్యూట్ బ్యాటరీ మీదే నడవాలి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేయండి. ప్రాణభయం పోవడమే కాదు, మీ హమ్‌లో కొంత భాగం కూడా దానితోనే పోవచ్చు. ఎలక్ట్రోడ్‌లు సరిగ్గా అంటుకున్నాయో లేదో, తీగలు దగ్గరగా మెలిపెట్టి ఉన్నాయో లేదో కూడా చూడండి.

ఒకే ఫ్రీక్వెన్సీని తీసేయాలంటే అనలాగ్ దాకా పోనక్కర్లేదు, డిజిటల్ ఫిల్టర్ల లెక్క గీసుకునే జడ్ తలం మీద నేరుగా సున్నాలు (ఫిల్టర్ పూర్తిగా ఆపేసే చోట్లు) పెట్టుకోవచ్చు. 500లో 50 పదో వంతు కనుక మీ కోణం 360లో పదో వంతు, 36 డిగ్రీలు. దాని కొసైన్‌కి రెట్టింపు 1.618, శిల్పులూ చిత్రకారులూ చెప్పుకునే బంగారు నిష్పత్తి! 500, 50 అని ఎంచుకున్నందుకు ఉచితంగా దొరికింది. దానివల్ల ఉపయోగం ఏమీ లేదు, చూసినప్పుడల్లా నాకు ముచ్చట వేస్తుంది.

అలలకి కారణం 0.995. పోల్ ఆ తలం మీద వ్యాసార్థం 1 ఉన్న వృత్తానికి ఎంత దగ్గరైతే నాచ్ అంత ఇరుకు, దాని మోత అంత పొడుగు. మీది 0.8 హెర్ట్జ్ వెడల్పు. మోత మూడో వంతుకి తగ్గడానికి సుమారు 200 శాంపిళ్ళు, అంటే 400 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకి ఒక్కో బీట్ 800 మిల్లీసెకన్లు. అందులో సగం సేపు మీ ఫిల్టర్ మోగుతూనే ఉంది, టి వేవ్ (ఆ ముల్లు వెనకే వచ్చే చిన్న అల) దాని మీద పడుతోంది. 0.95 పెట్టండి. నాచ్ 8 హెర్ట్జ్ వెడల్పవుతుంది, మోత 40 మిల్లీసెకన్లలో ఆ మేరకు తగ్గుతుంది. క్యూఆర్ఎస్ ఎత్తు కొంచెం తగ్గినట్టనిపిస్తే 0.97, 0.98 దాకా జరిపి చూసి ఒకచోట ఆగండి. మన గ్రిడ్‌ని 49.90కీ 50.05కీ మధ్య ఉంచాలన్నది నియమం కనుక మరీ ఇరుకు నాచ్ అయితే గురి తప్పే ప్రమాదం కూడా ఉంది.

రికార్డు చేసిన డేటాని ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఫిల్టర్ చేస్తే ఫేజ్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ ఎంత వెనకబడిందో ఆ తేడా) సరిపోతుందని ఎవరైనా చెబుతారు. నిజమే. కానీ అప్పుడు మోత రెండు వైపులా పాకి, గుండె కొట్టకముందే అల కనిపిస్తుంది. డాక్టరుగారికి ఆ గ్రాఫ్ చూపించి ఏం చెబుతారు?

1930 నాటి ఫిల్టర్లని పట్టుకుని ఇంకా వేలాడటం ఎందుకు? నేరుగా డిజిటల్‌లోనే డిజైన్ చేయవచ్చు కదా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

చేయవచ్చు. ముందు వచ్చిన జవాబులని మళ్ళీ వాడని ఎఫ్ఐఆర్ ఫిల్టర్లు అలాగే చేస్తాం. పార్క్స్, మెక్లెలన్ 1972లో ఇచ్చిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. వాటికి ఫేజ్ గీత వంకర లేకుండా తిన్నగా ఉంటుంది, ఎన్నటికీ అదుపు తప్పవు. కానీ అంతే నిట్టనిలువుగా కోయాలంటే గుణకారాలు ఎన్నో రెట్లు పెరుగుతాయి, ఆలస్యం కూడా పెరుగుతుంది. స్టేజి మీద పాడేవాడి గొంతు ఆలస్యంగా వినిపిస్తే అతను ఊరుకోడు. స్టీఫెన్ బటర్‌వర్త్ 1930లో, విల్హెల్మ్ కావర్ ఆ దశాబ్దంలోనే, తక్కువ కెపాసిటర్లతో ఎక్కువ పని ఎలా చేయించాలో లెక్క తేల్చి పెట్టారు. కెపాసిటర్ల బదులు ఇప్పుడు గుణకారాలు. పొదుపు మాత్రం అదే పొదుపు.

ప్రాక్టీసుకి డిఎస్‌పి బోర్డు కొనమంటారా సార్? ఏది మంచిది?
— బిటెక్ విద్యార్థి, విజయవాడ

ఇప్పుడే వద్దు నాన్నా. ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కో. ల్యాప్‌టాప్‌లో పైథాన్, అందులో సైపై ఉచితంగా వస్తాయి. ‘బటర్’ అనే ఫంక్షన్‌కి శాంప్లింగ్ రేటు కూడా చెబితే ప్రీవార్పింగ్, బైలీనియర్ రెండూ అదే చేసేస్తుంది. ‘బైలీనియర్’ అనే ఫంక్షన్‌ని విడిగా పిలిస్తే మాత్రం ప్రీవార్పింగ్ చేయదు, లక్ష్మీపురం అమ్మాయికి జరిగిందే నీకూ జరుగుతుంది. ఆర్డర్ నాలుగు దాటితే జవాబుని ఒకే పెద్ద సమీకరణంగా తీసుకోకు, ‘ఎస్ఓఎస్’ అని అడిగి సెకండ్ ఆర్డర్ ముక్కలుగా తీసుకో. ఎనిమిదో ఆర్డర్ ఇరుకు ఫిల్టర్ గుణకాలని 16 బిట్లకి కుదిస్తే పోల్స్ చోటు మారి వృత్తం బయటికి కూడా పోగలవు. ముక్కలుగా ఉంటే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. నీ గొంతే ఫోన్‌లో రికార్డు చేసి ఈ ఫిల్టర్లలోంచి పంపుతూ విను. బోర్డు సంగతి, ల్యాప్‌టాప్‌లో నడిచిన ఫిల్టర్‌ని 16 బిట్ల పూర్ణాంకాలతో కూడా నడిపించగలిగాక మళ్ళీ రాయి. అప్పుడు ఏది కొనాలో చెబుతాను.